ఆరుబయట ఇంద్రియ కళ, చిన్నపిల్లల భాషా వికాసం

మట్టి, నీరు, ఇసుక, ఆకులు, పువ్వులు, గింజలు, రాళ్లు, నీడలు మొదలైనవాటితో చిన్నపిల్లలు ఇంటి వెలుపల చేసే కళను ఆరుబయట ఇంద్రియ కళ అంటారు. కాగితం మీద బొమ్మ వేసేటప్పుడు పని ఎక్కువగా కంటికీ వేళ్లకే. ఇక్కడ అరచేయి, అరికాలు, ముక్కు, చెవి అన్నీ పనిలో ఉంటాయి. పసితనం నుంచి ఆరేళ్ల దాకా, ముఖ్యంగా ఏడాదిన్నరకూ ఐదేళ్లకూ మధ్య, పిల్లలకు మాటలు పెరగడానికి ఈ కళను సాధనంగా వాడుకోవడం శిశువిద్యలో ఒక పద్ధతిగా నిలదొక్కుకుంది. తయారైన వస్తువు అందంగా వచ్చిందా అన్నది ఇందులో లెక్కకు రాదు. చేస్తూ పిల్ల ఏమంది, పక్కనున్న పెద్దవాళ్లు దానికి ఏం బదులిచ్చారు, ఆ మాట మర్నాడు మళ్లీ ఆ పిల్ల నోట వచ్చిందా అన్నవే కొలతలు.

హద్దులు

దీన్ని ఉత్త ఆటతోనూ చికిత్సతోనూ కలిపేయడం తరచూ జరుగుతుంది. ఇసుకలో దొర్లడం ఆట. ఆ ఇసుకలోనే పాదం పెట్టి, పైన తడి ఇసుక దట్టించి, మెల్లగా కాలు లాగి పిచ్చుక గూడు కట్టడం కళ. అక్కడ ఒక ఊహ ఉంది, ఒక రూపం ఉంది, చేశాక మిగిలే గుర్తు ఉంది. ఆ మిగిలే గుర్తు వల్లే భాషకు ఎక్కువ మేలు. కళ్లెదుట ఉన్నదాని పేరు చెప్పడం రెండేళ్ల పిల్లకు వస్తుంది. ఎదుట లేనిదాని గురించి, జరిగిపోయినదాని గురించి, జరగబోయేదాని గురించి చెప్పడం తర్వాతి మెట్టు. పొద్దున కట్టిన గూడు సాయంత్రానికి కూలిపోయి ఉంటే "ఎవరు తొక్కారు? కుక్క తొక్కిందా? వాన పడిందా?" అన్న మాటలు పిల్లను ఆ మెట్టు ఎక్కిస్తాయి. కథ చెప్పడానికీ, ఆ తర్వాత చదువుకూ ఇలాంటి మాటలే పునాది.

చికిత్స సంగతి వేరు. 1970ల్లో నెదర్లాండ్స్‌లో యాన్ హుల్సెగె, ఆడ్ వెర్హ్యూల్ రూపొందించిన స్నూజెలెన్ గదులు మెత్తని వెలుతురు, శబ్దం, స్పర్శలతో తీవ్ర వైకల్యాలున్నవారికి ఊరటనివ్వడానికి పుట్టాయి. అమెరికాలో జీన్ ఏర్స్ తెచ్చిన ఇంద్రియ సమన్వయ చికిత్స శిక్షణ పొందిన థెరపిస్టులు చేసే పని. ఆరుబయట కళ ఈ రెండింటి నుంచీ కొన్ని మెలకువలు తీసుకుంది గానీ వాటి స్థానంలోకి వచ్చేది కాదు.

చరిత్ర

ఇంద్రియాల ద్వారా మాట నేర్పాలన్న ఆలోచన పాతదే. మొరావియాకు చెందిన కొమీనియస్ 1658లో న్యూరెంబర్గ్‌లో ప్రచురించిన బొమ్మల పాఠ్యపుస్తకం 'ఓర్బిస్ పిక్టస్' ప్రతి మాట పక్కనా దాని బొమ్మ పెట్టింది. వస్తువు తెలియకుండా మాట నేర్పడం వృథా అన్నది ఆయన వాదం. బొమ్మ దగ్గర ఆగకుండా వస్తువునే చేతికిచ్చినవాడు జర్మనీకి చెందిన ఫ్రోబెల్. ఆయన 1837లో బాద్ బ్లాంకెన్‌బర్గ్‌లో పెట్టిన సంస్థకు 1840లో 'కిండర్‌గార్టెన్' అని పేరు పెట్టాడు. అందులో నిజంగానే తోట ఉండేది. పిల్లలకు సొంత మడులు ఉండేవి. మట్టితో బొమ్మలు చేయడం, అల్లడం, కాగితం మడవడం రోజువారీ పనుల్లో భాగం. ఆ పేరు పెట్టుకున్న మన నగరాల్లోని బడులు చాలావాటిలో ఇవాళ గుప్పెడు మట్టి కూడా కనబడకపోవడం విచారకరం.

మారియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లోని సాన్ లొరెంజో పేటలో తెరిచిన బాలల గృహం స్పర్శకూ మాటకూ మధ్య బంధాన్ని శాస్త్రీయంగా పట్టుకుంది. నున్నని పలక, గరుకు పలక పిల్ల చేత తడిమించి మూడు దశల్లో మాట చెప్పించేవారు. మొదట "ఇది గరుకు" అని చెప్పడం, తర్వాత "గరుకుది ఏది, చూపించు" అనడం, చివరికి "ఇదేమిటి?" అని అడగడం. పెద్దవాళ్లు తొందరపడి మూడో ప్రశ్నతో మొదలుపెట్టడం ఇప్పటికీ కనబడే లోపం. మాంటిస్సోరి 1939లో మద్రాసు వచ్చి అడయారులోని దివ్యజ్ఞాన సమాజంలో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఆమె భారతదేశంలోనే గడిపారు.

లండన్‌లో మురికివాడగా ఉన్న డెట్‌ఫర్డ్‌లో మార్గరెట్ మెక్‌మిలన్, ఆమె అక్క రేచెల్ కలిసి 1914లో ఆరుబయలు శిశుపాఠశాల నెలకొల్పారు. జబ్బులతో, పోషణలేమితో ఉన్న పిల్లలకు గాలీ వెలుతురూ అందించడం తొలి ఉద్దేశం. కానీ మార్గరెట్‌కు పిల్లల మాట తీరు మీద కూడా గట్టి పట్టింపు ఉండేది. ఆమె తోటలో సువాసనల మొక్కలు ఉండేవి, పిల్లలు ఏరుకుని వాడుకోవడానికి పాత సామాను కుప్ప కూడా ఉండేది. ఆ కుప్ప ఆలోచనే 1943లో కోపెన్‌హేగన్ శివారు ఎమ్‌డ్రప్‌లో సోరెన్సన్ రూపకల్పన చేసిన ఆటస్థలంలో మరో రూపంలో కనబడుతుంది. 1971లో సైమన్ నికల్సన్ దానికి ఒక సిద్ధాంతం కట్టాడు. కదిలించగల, కలపగల, మార్చగల విడి వస్తువులు ఎన్ని ఎక్కువుంటే పిల్లల సృజన అంత పెరుగుతుందని ఆయన అన్నాడు. జారుడుబల్లతో ఒకే పని చేయగలం. కట్టెపుల్లతో ఎన్నో చేయవచ్చు, అన్ని పేర్లూ పెట్టవచ్చు.

ఈ చరిత్రలో అందరికన్నా ఎక్కువ చెప్పుకోవలసింది ఇటలీలోని రెజ్జో ఎమిలియా పట్టణం గురించి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో అక్కడి శివారు గ్రామస్థులు శిథిలాల ఇటుకలు ఏరి పిల్లల బడి కట్టుకున్నారు. లోరిస్ మలగుజ్జి (1920–1994) వారితో చేయి కలిపాడు. 1963లో మొదటి పురపాలక శిశుపాఠశాల వచ్చింది. ప్రతి బడిలో ఒక కళా గది, ఒక కళాకారుడైన ఉపాధ్యాయుడు ఉండటం అక్కడి నియమం. పిల్లలకు మాట ఒక్కటే భాష కాదని, గీత, మట్టి, నీడ, కదలిక కూడా భాషలేనని మలగుజ్జి నమ్మాడు. విల్లెట్టా బడి పిల్లలు 1990ల మొదట్లో తమ తోటకు వచ్చే పిట్టల కోసం వినోద వనం కట్టారు. పిట్టలకు నీటి ఫౌంటెన్లు, నీటి చక్రాలు కావాలనుకున్నారు. ఊళ్లోని ఫౌంటెన్లు చూసొచ్చారు. నీరు పైకి ఎలా ఎగురుతుందో ఒక్కొక్కరూ బొమ్మ గీసి, మట్టితో చేసి, తమ లెక్క తాము వివరించారు. ఒకరి వివరణ మరొకరు ఒప్పుకోలేదు. వాదించుకున్నారు. ఉపాధ్యాయులు ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసి గోడకు పెట్టారు. నాలుగైదేళ్ల పిల్లలు కారణాలు చెప్పే వాక్యాలు, ఊహించే వాక్యాలు, ఎదుటివాడిని ఒప్పించే వాక్యాలు వాడవలసిన అవసరం అక్కడ నిజంగా కలిగింది. తన మాటను పెద్దవాళ్లు రాసిపెట్టుకుంటున్నారని తెలిసిన పిల్ల మాటను జాగ్రత్తగా వాడుతుంది. రెజ్జో నుంచి ప్రపంచం నేర్చుకున్నదాంట్లో అన్నిటికన్నా విలువైనది ఈ రాసిపెట్టే అలవాటే.

డెన్మార్క్, స్వీడన్, జర్మనీల్లోని అడవి బడులు, 1993లో డెన్మార్క్ వెళ్లొచ్చిన ఇంగ్లండ్ బ్రిడ్జ్‌వాటర్ కళాశాలవారు తమ దేశంలో మొదలుపెట్టిన 'ఫారెస్ట్ స్కూల్' ఈ ధారకే చెందుతాయి. ఆకులు, రాళ్లు, మంచుతో శిల్పాలు చేసి వాటిని ప్రకృతికే వదిలేసే బ్రిటిష్ కళాకారుడు ఆండీ గోల్డ్స్‌వర్తీ పనులు అక్కడి శిశుపాఠశాలల్లో నమూనాలుగా చూపిస్తుంటారు.

భారతదేశంలో రవీంద్రుడు 1901లో శాంతినికేతన్‌లో చెట్ల కింద బడి పెట్టారు. గిజుభాయి బధేకా 1920లో భావ్‌నగర్‌లో బాలమందిరం తెరిచారు. తారాబాయి మోదక్ చేసిన పని మనకు మరీ దగ్గరిది. ఆమె 1945లో ఠాణే జిల్లా బోర్డీలో పల్లెపిల్లల కోసం బాలవాడి పెట్టినప్పుడు గిరిజనుల పిల్లలు అక్కడికి రాలేదు. దాంతో ఆమె, అనుతాయి వాఘ్ బడినే వాళ్ల వాకిళ్లకు తీసుకెళ్లారు. కొన్న సామగ్రి బదులు గవ్వలు, గులకరాళ్లు, ఆకులు, గింజలు వాడారు. 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకం కేంద్రాలకు అంగన్‌వాడీ అన్న పేరు, ఆ ఆలోచన అక్కడి నుంచే వచ్చాయి.

మాట ఎలా అంటుకుంటుంది

పిల్లలు మాటలను విని మాత్రమే నేర్చుకోరు. వినబడిన మాట ఏ వస్తువుదో పోల్చుకోవాలి, ఆ వస్తువు మీద అదే క్షణాన దృష్టి ఉండాలి. టొమసెల్లో, ఫరార్ 1986లో చూపించినదేమిటంటే, పిల్ల అప్పటికే చూస్తున్నదాని పేరు చెబితే ఆ మాట బాగా నిలుస్తుంది. పిల్ల దృష్టిని మళ్లించి వేరేదాని పేరు చెబితే అంతగా నిలవదు. ఇండియానా విశ్వవిద్యాలయంలో చెన్ యూ, లిండా స్మిత్ పసిపిల్లల తలకు చిన్న కెమెరాలు కట్టి వాళ్ల కంటికి ప్రపంచం ఎలా కనబడుతోందో చూశారు. చేతిలో పట్టుకున్న వస్తువు చూపును దాదాపు నింపేస్తుంది, మిగతావి పక్కకు పోతాయి. ఆ క్షణంలో పేరు చెబితే పిల్లకు పట్టుబడుతుంది. ఆరుబయట కళలో పిల్ల చేతిలో ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది కనుక అలాంటి క్షణాలు వరసగా వస్తాయి.

అయోవా విశ్వవిద్యాలయంలో లిన్ పెర్రీ, లారిసా శామ్యూల్సన్, వారి సహచరురాలు చేసిన ప్రయోగం ఈ విషయంలో చాలా విలువైనది. 16 నెలల పిల్లల ముందు ద్రవంగానో ముద్దగానో ఉండే 14 పదార్థాలు పెట్టారు. చాలావరకు తినేవే. ఒక్కోదానికి ఒక కొత్త పేరు పెట్టి, కాసేపు తర్వాత అదే పదార్థాన్ని వేరే ఆకారంలో చూపి గుర్తుపట్టమన్నారు. గిన్నె, బంతి, కుర్చీ వంటివాటి పేర్లు పిల్లలు ఆకారాన్ని బట్టి నేర్చుకుంటారు. ముద్దకు ఆకారం లేదు. అది ఎలా తగులుతుంది, ఎలా జారుతుంది అన్నదే దాని గుర్తు. వేళ్లతో పొడిచి, పిసికి, పూసుకుని, నోట్లో పెట్టుకున్న పిల్లలే పేర్లు బాగా నేర్చుకున్నారు. భోజనపు కుర్చీలో, అంటే ఒళ్లంతా పూసుకోవడానికి అలవాటు పడ్డ చోట కూర్చున్నవాళ్లకు ఇంకా బాగా వచ్చింది. బురద, బంక, పిండి, నురగ, జిగురు వంటి మాటలు నేర్పాలంటే చేతులు మురికి చేసుకోనివ్వక తప్పదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మాటల సంఖ్య ఎంత ముఖ్యమో అన్న చర్చ 1995లో హార్ట్, రిస్లీ అమెరికాలో 42 కుటుంబాలను గమనించి రాసిన పుస్తకంతో బలంగా మొదలైంది. పేద ఇళ్లలో పిల్లలు తక్కువ మాటలు వింటారన్న వారి నిర్ధారణ మీద తర్వాత గట్టి విమర్శలే వచ్చాయి. 2018లో రేచెల్ రోమియో బృందం నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల మెదడును పరీక్షించి, విన్న మాటల మొత్తం కన్నా ఒకరు అనడం, మరొకరు బదులివ్వడం అన్న వంతుల సంఖ్యే భాషా శక్తితో దగ్గరగా ముడిపడి ఉందని చూపింది. ఈ వ్యాసంలో చెప్పదలచుకున్న అసలు సంగతి ఇదే. మట్టి మాట నేర్పదు. మట్టిలో చేయి పెట్టిన పిల్ల పక్కన కూర్చుని, అది చూసేదాన్నే చూసి, ఒక మాట అని, బదులు కోసం ఆగే మనిషి నేర్పుతాడు. మట్టి ఆ ఇద్దరికీ మాట్లాడుకోవడానికి విషయం ఇస్తుంది.

ఆరుబయలు వల్ల ప్రత్యేకంగా కలిగే లాభం మీద పరిశోధన ఇంకా చిన్న స్థాయిలోనే ఉంది. బ్రిటన్‌లో కామెరాన్-ఫాక్నర్, మెల్విల్, గ్యాటిస్ 2018లో మూడు, నాలుగేళ్ల పిల్లలనూ తల్లిదండ్రులనూ పార్కులో ఒకసారి, లోపలి గదిలో ఒకసారి గమనించారు. పార్కులో ఒకరి మాటకు ఒకరు స్పందించడం, సంభాషణ తెగకుండా సాగడం ఎక్కువగా కనబడింది. నార్తాంప్టన్‌కు చెందిన టాన్యా రిచర్డ్‌సన్, జేన్ ముర్రే 2017లో కొద్దిమంది పిల్లల మాటలనే పరిశీలించి ప్రకృతి పరిసరాలకు అనుకూలమైన ఫలితాలు ప్రకటించారు. ఇవి దారి చూపే ఆధారాలే. వీటిని పట్టుకుని అద్భుతాలు జరుగుతాయని ప్రచారం చేయడం తగదు. 2016లో మెక్‌మిలన్, శాఫ్రన్ అనే పరిశోధకులు మరో వైపు కూడా చూపారు. నేపథ్యంలో మాటల రొద ఉంటే రెండేళ్ల ప్రాయపు పిల్లలు కొత్త మాటలు సరిగా నేర్చుకోలేకపోయారు. కనుక లారీలు, లౌడ్‌స్పీకర్లు మోగే రోడ్డు పక్క జాగా ఆరుబయలే అయినా ఈ పనికి పనికిరాదు.

తెలుగు పిల్లల విషయంలో

తెలుగులో స్పర్శకూ చప్పుడుకూ ఉన్న మాటల సంపద ఆరుబయటే బయటపడుతుంది. ఎండుటాకులు గలగలమంటాయి, చినుకులు టపటపా పడతాయి, బురదలో కాలు జర్రున జారుతుంది, నీటి మీద ఎండ మిలమిలలాడుతుంది. ఇలాంటి జంట మాటలను పసివాళ్లు సులువుగా అందుకుంటారు. ధ్వనిలోనే అర్థం కొంత ఉంది, పలకడమూ ఆటలాగే ఉంటుంది. కొలత మాటలు చేతి నుంచే పుట్టాయి: చిటికెడు, పిడికెడు, గుప్పెడు, దోసెడు. ముగ్గుపిండినో ఇసుకనో తీసి పోస్తూ ఇవి చెబితే ఎక్కువ తక్కువలు కూడా అవే అర్థమవుతాయి. మన్నులోనూ ఎన్ని రకాలు! ఒండ్రు, రేగడి, బంకమన్ను, ఎర్రమట్టి, చౌడు, జేగురు, సుద్ద. వీటిని పక్కపక్కనే పెట్టి తడిపి చూస్తే ఒక్కోటి ఒక్కోలా ప్రవర్తిస్తుంది, ఆ తేడాలే విశేషణాలు అవుతాయి.

మాటల కన్నా లోతైన లాభం వాక్యంలో ఉంది. తెలుగు వాక్యం క్రియల మీద నడుస్తుంది. ఒక పని చేసి, తర్వాత మరొకటి చేసి, చివరికి ఏమైందో చెప్పడానికి మనకు క్త్వార్థకం ఉంది. "మట్టి తడిపి, పిసికి, ఉండ చేసి, ఎండలో పెట్టాను" అన్నప్పుడు మూడేళ్ల పిల్ల నాలుగు పనులను ఒకే వాక్యంలో వరసగా కూర్చింది. కళ చేసే క్రమమే వాక్య క్రమమైంది. "నీళ్లు ఎక్కువ పోస్తే కారిపోతుంది" అన్నది చేదర్థకం, అంటే కారణాన్నీ ఫలితాన్నీ కలిపే రూపం. "ఎండలో పెట్టినా ఆరలేదు" అన్నది అప్యర్థకం, అనుకున్నది జరగనప్పుడు అవసరమయ్యే రూపం. గదిలో కార్డులు చూపి ఈ రూపాలు రప్పించడం కష్టం. తన ఉండ నిజంగా కారిపోయినప్పుడు అవి వాటంతట అవే వస్తాయి. విభక్తుల సంగతీ అంతే. మట్టిలో, మట్టితో, మట్టికి, మట్టి మీద, మట్టి కింద అని చేతి కదలికతో పాటు నేర్చుకున్నవి ఎన్నటికీ తప్పవు.

ఇంటి మాటను గౌరవించడం ఇక్కడ చాలా అవసరం. తెలంగాణ పిల్ల ఇసుకను ఉసికె అంటుంది, ధూళిని దుబ్బ అంటుంది. సీమ పిల్ల మట్టిని మన్ను అంటుంది. ఆ మాట దిద్దకూడదు. ఆ మాటే మనమూ అని, పక్కనే పుస్తకపు మాట కూడా వినిపిస్తే చాలు. సవర, కువి, కోయ, గోండి మాట్లాడే ఇళ్ల పిల్లలకు ఇది మరీ ముఖ్యం. ఆకు పేరు, పురుగు పేరు, గింజ పేరు వాళ్లకు తమ భాషలో టీచర్ కన్నా బాగా తెలుసు. ఆరుబయట వాళ్లే చెప్పేవాళ్లవుతారు. గదిలో నోరు విప్పని పిల్ల చెట్టు కింద గలగలా మాట్లాడటానికి ఇదొక కారణం.

విదేశాల్లోని తెలుగు కుటుంబాల్లో ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు అన్న విభజన ఏర్పడినప్పుడు పిల్లలకు వంటింటి మాటలు వస్తాయి గానీ చెట్టూ చేమా మాటలు రావు. వారానికోసారి పార్కులో ఆకులు ఏరి వరస పేర్చుతూ తెలుగులోనే మాట్లాడుకోవడం ఆ లోటు తీర్చే దారి.

సామగ్రి, పనులు

కొనవలసినది చాలా తక్కువ. సంక్రాంతి నెలలో వాకిట్లో ముగ్గు, బతుకమ్మకు తంగేడు, గునుగు పూలు వరసలుగా పేర్చడం, వినాయక చవితికి బంకమట్టి బొమ్మ, పిచ్చుక గూళ్లు, గుజ్జనగూళ్లు, తాటిబుర్రల బండి, కొబ్బరాకు బూర వంటివన్నీ మన ఇళ్లలో ఉన్న ఇంద్రియ కళే. పెద్దవాళ్లు చేస్తుంటే పిల్లలను "ఆగు, చెరిపేస్తావు" అని పక్కకు తోయడం మానేసి, పక్కన చిన్న జాగా ఇస్తే సగం పని అయిపోయినట్టే. పెద్ద ముగ్గు పక్కన పిల్ల వేసిన వంకర గీత దాని మొదటి రాత.

నీటి చిత్రం అన్నిటికన్నా సులువు. ఎండ పడే బండ మీదో గోడ మీదో తడి కుంచెతో గీయడమే. గీస్తుండగానే ఆరిపోతుంది. "ఎక్కడికి పోయింది?" అన్న ప్రశ్నకు పిల్లలు చెప్పే జవాబులు వినితీరవలసినవి. నీడ చుట్టూ సుద్దతో గీసి, గంట తర్వాత వచ్చి చూస్తే నీడ జరిగి ఉంటుంది. మళ్లీ అక్కడో చర్చ.

రంగులు కూడా ఇంటి దగ్గరే దొరుకుతాయి. పసుపు, గోరింటాకు, బీట్‌రూట్, మోదుగ పూలు, శంఖుపూలు. పసుపు నీళ్లలో ముంచిన గుడ్డ మీద సబ్బు నీళ్లు పడితే ఎర్రబడుతుంది. శంఖుపూల నీలి నీళ్లలో నిమ్మరసం పిండితే ఊదారంగులోకి మారుతుంది. మార్పు కళ్లముందు జరిగినప్పుడు "అయ్యో", "చూడు", "మళ్లీ" అన్న మాటలతో పాటు "ముందు నీలంగా ఉంది, ఇప్పుడు మారింది" అన్న వాక్యం కూడా వస్తుంది.

శబ్దానికి వెదురు ముక్కలు, కొబ్బరి చిప్పలు, పాత గరిటెలు, మూకుళ్లు ఒక తాడుకు వేలాడదీస్తే చాలు. ఏది ఖంగున మోగింది, ఏది టక్కుమంది అని చెవితో వేరుచేయడం తర్వాత అక్షరాల ధ్వనులు వేరుచేయడానికి ఉపయోగపడే అలవాటు.

పెద్దవాళ్ల పని

ముందు ఊరుకోవాలి. పిల్ల దేన్ని పట్టుకుందో చూడాలి. తర్వాత ఆ వస్తువు గురించే ఒక్క మాట అనాలి. మేరీ బడ్ రో 1970ల్లో అమెరికా తరగతి గదుల్లో చేసిన పరిశోధనలో ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక ఒక సెకను కూడా ఆగడం లేదని తేలింది. మూడు సెకన్లు ఆగడం మొదలుపెట్టాక పిల్లల జవాబుల పొడవు పెరిగింది. మూడేళ్ల పిల్లకు ఇంకా ఎక్కువ సేపు కావాలి.

ప్రశ్నలతో ముంచెత్తడం మంచిది కాదు. "ఇదేం రంగు? ఇదెన్ని?" అన్నవి పరీక్షలు. పిల్ల "మట్టి… మెత్త" అంటే "అవును బంగారం, తడి మట్టి మెత్తగా ఉంది. నా వేళ్లకు కూడా అంటుకుంది" అని దాని మాటనే కాస్త పెంచి తిరిగి ఇవ్వాలి. తప్పు దిద్దినట్టు ఉండకూడదు. ఏడాది పిల్ల వేలు చూపితే దాన్నీ మాటగానే తీసుకోవాలి. ఇవర్సన్, గోల్డిన్-మెడో 2005లో చూపినట్టు, పిల్లలు ముందు సైగతో చూపిన వస్తువుల పేర్లే తర్వాత నోటితో అంటారు. పని అయ్యాక పిల్ల అన్న వాక్యం ఒక్కటైనా తేదీ వేసి రాసిపెట్టి, మర్నాడు చదివి వినిపిస్తే మాటకూ రాతకూ ఉన్న బంధం మొదటిసారి దానికి తెలుస్తుంది.

కొందరు పిల్లలు తడి మట్టి ముట్టుకోరు. ఆటిజం ఉన్నవారిలో ఇది మరింత తీవ్రంగా ఉండవచ్చు. బలవంతం చేస్తే మాట రాకపోగా భయం మిగులుతుంది. పుల్లతో, చెంచాతో, సంచిలో పెట్టిన మట్టితో మొదలుపెట్టి వాళ్ల వేగాన వెళ్లాలి. ఏడాదిన్నర దాటినా ఒక్క మాటా రాకపోతే, రెండేళ్లు దాటినా రెండు మాటలు కలపకపోతే ముందుగా వినికిడి పరీక్ష చేయించాలి. ఆ పరీక్షను ఏ కళ కోసమూ వాయిదా వేయకూడదు.

జాగ్రత్తలు

గన్నేరు, ఉమ్మెత్త, గురివింద, ఆముదం, నేపాళం గింజలు విషం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. వయ్యారిభామ చర్మానికీ ఊపిరికీ చెరుపు చేస్తుంది. పిల్లల జాగాలో ఇవేవీ ఉండకూడదు. మూడేళ్ల లోపువారికి చిన్న గింజలు, గోళీలు ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. సున్నం కంటికి హాని కనుక ముగ్గుకు బియ్యప్పిండే వాడాలి. ఇసుక కుప్పను రాత్రి కప్పి ఉంచకపోతే కుక్కలు, పిల్లులు పాడుచేస్తాయి, నులిపురుగులు వస్తాయి. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగడం తప్పనిసరి. బకెట్టులో కొద్దిపాటి నీళ్లు కూడా పసివాళ్ల ప్రాణం తీయగలవు, పక్కన మనిషి లేకుండా నీటి ఆట వద్దు. మన ఎండాకాలంలో పొద్దున తొమ్మిది లోపే ముగించాలి.

తెలుగు రాష్ట్రాల్లో

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల కాలాన్ని పునాది దశగా గుర్తించింది. 2022లో వచ్చిన ఆ దశ పాఠ్యప్రణాళిక చట్రం ఆటకు, ఇంటి భాషకు, ఇంద్రియాల ద్వారా నేర్చుకోవడానికి పెద్దపీట వేసింది. 2023లో 'జాదుయీ పిటారా' పేరుతో బొమ్మల పెట్టె, 'పోషణ్ భీ పఢాయీ భీ' పేరుతో అంగన్‌వాడీ టీచర్లకు శిక్షణ వచ్చాయి. అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లె దగ్గర మొదలైన రిషీవ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం అంతకు ఎన్నో ఏళ్ల ముందే పల్లె బడుల కోసం స్థానిక కథలు, పరిసరాలు ఆధారంగా తెలుగు అభ్యాస సామగ్రి తయారుచేసి చూపింది. కనుక విధానానికీ నమూనాకూ కొరత లేదు.

కొరత జాగాలో, తీరికలో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 55 వేల అంగన్‌వాడీలు, తెలంగాణలో 35 వేలకు పైగా ఉన్నాయి. ఎన్నో కేంద్రాలు అద్దె గదుల్లో, ముందు వాకిలి కూడా లేకుండా నడుస్తున్నాయి. టీచర్ రోజులో పెద్ద భాగం రిజిస్టర్లకూ, బరువులు తూచడానికీ, ఫోన్ యాప్‌లో వివరాలు ఎక్కించడానికీ పోతుంది. అక్షరాలు దిద్దించకపోతే తల్లిదండ్రులు పిల్లను ప్రైవేటు బడికి మారుస్తారన్న భయం ఆమెకు ఉంటుంది. మట్టి బట్టలతో ఇంటికి వచ్చిన పిల్లను చూసి చదువు చెప్పడం లేదనుకునే ఇళ్లు తక్కువ కాదు. ఆ తల్లిదండ్రులకు పిల్ల చేసిన ఉండతో పాటు అది అన్న వాక్యాన్ని కూడా చూపించాలి. అప్పుడు వాళ్లకే తెలుస్తుంది.

కొత్త కిట్లు, గోడ బొమ్మలు కొనే ముందు ప్రభుత్వాలు ప్రతి అంగన్‌వాడీకీ ఒక చెట్టు నీడ, ఒక కుప్ప శుభ్రమైన ఇసుక, ఒక నీటి కుళాయి సమకూర్చాలి. రోజూ ఒక గంట ఏ రిజిస్టరూ ముట్టకుండా పిల్లలతో నేల మీద కూర్చునే వెసులుబాటు టీచర్‌కు ఇవ్వాలి.